పెళ్ళికూతురి ఒడ్డూ పొడుగూ, పెళ్ళిచీర అంచూ

ఆస్ట్రేలియాలో మనవాళ్ళ పెళ్ళిచీరల బేరాలు చాలావరకు ఫోన్లోనే తేలిపోతున్నాయి. సిడ్నీలో అమ్మాయి, కంచిలోనో ధర్మవరంలోనో కొట్టు, నడుమ వీడియో కాల్. ఇండియాకంటే సిడ్నీ నాలుగున్నర గంటలు ముందు, ఎండాకాలం గడియారాలు మారితే అయిదున్నర. అక్కడ కొట్టు కట్టే వేళకు ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. నిద్రకళ్ళతో రంగూ జరీ చూసి సరేనంటాం. అంచు వెడల్పెంతో, గుడ్డ ఎలా పడుతుందో అడగం. చీర నప్పేదీ నప్పనిదీ తేలేది మాత్రం ఆ రెండిటి దగ్గరే.

అయిదడుగుల అమ్మాయికి నడుము నుంచి పాదం దాకా సుమారు 38 అంగుళాలు. 12 అంగుళాల పెద్దంచు కడితే కుచ్చిళ్ళలో మూడోవంతు జరీయే. పొడుగు అక్కడే తెగిపోయి మనిషి ఇంకా పొట్టిగా కనబడుతుంది. అదే అమ్మాయికి రెండు మూడు అంగుళాల అంచు, చీర రంగుకు దగ్గరగా జాకెట్టు అయితే భుజం నుంచి పాదం దాకా చూపు ఎక్కడా ఆగదు. పెద్దంచులు పొడగరి పిల్లలకు వదిలేయాలి. వాళ్ళమీద అవి నిజంగా వెలుగుతాయి. హారిస్ పార్క్‌లోనో డాండెనాంగ్‌లోనో చీరల కొట్టుకు వెళ్ళి, లేదంటే అమ్మ పెట్టెలోంచి తీసి, అంత అంచున్న చీర ఒకటి కట్టి చూశాకే డబ్బు పంపండి.

కంచిపట్టు పేనిన పోగుతో నేస్తారు, బిర్రుగా నిలబడుతుంది. సన్నటి ఒంటికి నిండుదనం ఇస్తుంది. బొద్దుగా ఉన్నవాళ్ళు సన్నగా కనబడతామని జార్జెట్టుకు పోతారు. అది ఒంటికి అతుక్కుని ప్రతి మడతా చూపిస్తుంది. వాళ్ళకు ఉప్పాడ జాందానీ ఎంతో నయం: తేలిక, ఒద్దికగా పడుతుంది. కాలం కూడా చూసుకోవాలి. మాఘమాసం ముహూర్తమంటే మెల్‌బోర్న్‌లో 40 డిగ్రీలు దాటే రోజులుండే కాలం. పగటిపూట హోమం ముందు కూర్చోవాలంటే నూలు ఒళ్ళూ పట్టు అంచూ ఉన్న గద్వాల చీర హాయి. బరువైన కంచిపట్టు వైశాఖ, జ్యేష్ఠాలకు దాచుకోండి, అప్పుడిక్కడ చలి.

అందరూ మరిచేది మధుపర్కాలను. చాలా ఇళ్ళలో మాంగల్యధారణ వేళకు ఒంటిమీద ఉండేది ఆ ఎర్రంచు తెల్లచీరే. జీవితాంతం గోడమీద ఉండే ఫొటో అందులోనే పడుతుంది. అయినా దానికి కొలిచి కుట్టించిన జాకెట్టు ఉండదు, కుచ్చిళ్ళు హడావిడిగా దోపేస్తారు. పట్టుచీరమీద పెట్టే శ్రద్ధలో సగం దీనిమీద పెట్టినా చాలు.

ఇక జాకెట్టు. ఎప్పుడో కుట్టించిన ఆది జాకెట్టు ఇండియాకు పంపి అదే కొలత పెట్టమనకండి. కొత్తగా కొలిపించుకుని, పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదలమనండి. చేతి అంచు జబ్బ లావుగా ఉన్నచోట ఆగితే జబ్బ ఇంకా లావుగా కనబడుతుంది. అలాంటివారికి మోచేతి దాకా చేతులే అందం. పెళ్ళికి నెల ముందే తెప్పించుకుని, తొడుక్కుని, తలంబ్రాలు పోస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తి చూడండి. చంక దగ్గర పట్టేస్తే, వదిలిన గుడ్డలోంచి అరంగుళం విప్పించుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.