లోగో పనిచేస్తుందా, లేదా? సదాశివపేట టైరు చూస్తే తెలుస్తుంది

యాప్ రెడీ. కోడ్ అంతా బాగుంది. చివర్లో లోగో కోసం ఏఐ టూల్‌ని అడిగితే గ్రేడియెంట్, షాడో, మెరుపులతో క్షణాల్లో ఒకటి ఇచ్చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో అదిరిపోతుంది. ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేశాక చూస్తే మాత్రం చిన్న రంగు మరక! ఎందుకిలా?

లోగో అందంగా ఉందా అన్నది తర్వాతి సంగతి. అది ఉండాల్సిన చోట, ఉండాల్సిన సైజులో గుర్తుపట్టేలా ఉందా అన్నదే మొదట చూడాలి.

నలుపు మీద నలుపు

పటాన్‌చెరు నుంచి ముంబై హైవే మీద వెళ్తే సంగారెడ్డి దాటాక సదాశివపేట వస్తుంది. అక్కడ ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. ఈసారి ఏదైనా బండి టైరు పక్కభాగం గమనించండి. కంపెనీ పేరుకి సాధారణంగా రంగు ఉండదు. రబ్బరులోనే ఉబ్బెత్తుగా అచ్చు వేస్తారు. నలుపు మీద నలుపు, పైన దుమ్ము, బురద. అయినా ఎంఆర్‌ఎఫ్ అనే మూడు లావుపాటి అక్షరాలు చదివేస్తాం. అవే అక్షరాలు సచిన్ బ్యాట్ మీదకెక్కితే టీవీలో కూడా ఇట్టే తెలిసిపోయేవి.

టైరు ఎత్తి పట్టుకున్న కండల వీరుడి బొమ్మ 1964 నుంచి ఉంది. ఇంగ్లిష్ రాని డ్రైవర్‌కి కూడా ‘ఇది గట్టి టైరు’ అనే మాట ఆ బొమ్మే చెప్పేస్తుంది.

ఫోన్‌లోనూ ఇదే కథ

స్టేటస్ బార్‌లో నోటిఫికేషన్ ఐకాన్‌ని ఆండ్రాయిడ్ ఒకే రంగులో చూపిస్తుంది. సైజు 24 డీపీ మాత్రమే. రంగుల లోగోని అలాగే పెడితే ఖాళీ చదరంలా కనిపిస్తుంది.

హోమ్ స్క్రీన్ ఐకాన్‌ని 108 డీపీల్లో గీస్తారు. ఒక ఫోన్ దాన్ని గుండ్రంగా, ఇంకోటి చదరంగా కత్తిరిస్తుంది. మధ్యలో 66 డీపీల భాగమే సేఫ్. ఆండ్రాయిడ్ 13లో థీమ్డ్ ఐకాన్స్ ఆన్ చేస్తే మీ రంగులు పోయి వాల్‌పేపర్ రంగులు రావచ్చు. అంటే రంగు మీదే ఆధారపడిన లోగో ఇక్కడ తేలిపోతుంది.

కియా లోగోని ఏమని చదివారు?

పెనుకొండ ప్లాంట్ నుంచి 2019లో వచ్చిన తొలి సెల్టోస్‌ల మీద పాత ఓవల్ లోగో ఉండేది. 2021లో కియా దాన్ని మార్చి అక్షరాలన్నీ కలిపేసింది. చూడ్డానికి స్టైలిష్‌గా ఉంది. కానీ ‘ఐ’, ‘ఏ’ కలిసిపోయి తిరగేసిన ‘ఎన్’లా కనిపించడంతో చాలామంది ‘కేఎన్ కార్’ అని గూగుల్‌లో వెతికారు. కియాకి షోరూమ్‌లు, యాడ్స్ ఉన్నాయి కాబట్టి తట్టుకోగలదు. కొత్త యాప్‌కి, కొత్తగా పెట్టిన చిన్న యూనిట్‌కి అంత వెసులుబాటు ఉండదు.

ఫైనల్ చేసే ముందు ఈ 4 టెస్టులు

1. నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. ఆకారం నిలబడాలి.
2. 24 డీపీకి తగ్గించండి. సన్నగీతలు మాయమైతే వాటిని తీసేయండి.
3. గుండ్రంగా కత్తిరించండి. అక్షరం తెగకూడదు.
4. తెలియని మనిషికి 3 సెకన్లు చూపించి, ఏం చదివారో అడగండి. తర్వాత గుర్తున్నంత వరకు గీయమనండి.

నాలుగూ పాసైతే గ్రేడియెంట్ పెట్టుకున్నా ఇబ్బంది లేదు. ఫెయిలైతే మాత్రం ఇంకో ఎఫెక్ట్ కలపకండి, ఉన్నదాంట్లోంచి ఒకటి తీసేయండి. మీ యాప్ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు రేపు పదుల ఐకాన్ల మధ్య దాన్ని వెతుక్కోవాలి మరి.