థర్మామీటర్ లేని చాక్లెట్

ఇంట్లో చాక్లెట్లు చేయడం నేర్చుకుందామనుకున్న బెజవాడ గృహిణులూ, కాలేజీ పిల్లలూ ఎక్కువమంది మొదట కొనేది కాంపౌండ్ చాక్లెట్ దిమ్మ. ముక్కలు చేసి, మరిగే నీళ్ల మీద గిన్నె పెట్టి కరిగించి, సిలికాన్ అచ్చుల్లో పోసి, మధ్యలో ఓ జీడిపప్పు గుచ్చి ఫ్రిజ్‌లో పెడితే చాలు, పని అయిపోయినట్టే. పిల్లలు ఇష్టంగా తింటారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పనిలో నేర్చుకునేది దాదాపు శూన్యం. కాంపౌండ్‌లో కోకో వెన్నకు బదులు వేరే వృక్ష కొవ్వులు వాడతారు. అవి ఎలా చల్లార్చినా గడ్డకడతాయి. చాక్లెట్ విద్యంతా కోకో వెన్నలోనే ఉంది. అది ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, మనకు పనికొచ్చేది అయిదో రకం. నిగనిగలాడే మెరుపు, విరిస్తే టక్కుమనే చప్పుడు, 34 డిగ్రీల దగ్గర నాలుక మీద కరిగే గుణం దానివే. అది రావాలంటే డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, ఆపకుండా కలుపుతూ 27, 28కి దించి, మళ్లీ 31, 32కి తేవాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. అరిసెల పాకాన్ని నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో చూసుకునే ఇళ్లలో ఇదేమంత అందని విద్య కాదు. పైగా పాకం ముదిరితే బెల్లం పోయినట్టే, టెంపరింగ్ చెడితే మాత్రం చాక్లెట్‌ను మళ్లీ కరిగించి మొదటినుంచి మొదలుపెట్టవచ్చు.

మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో 34కే కరిగేదాన్ని చేయమంటారా అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. ఎండాకాలంలో ఏసీ గది లేకుండా ఈ పని పెట్టుకోకూడదు. గది 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, కాబట్టి డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు నేర్చుకోవడానికి అనువైనవి. వేడికన్నా మన తేమతో చిక్కెక్కువ. కరిగిన చాక్లెట్‌లో రెండు చుక్కల నీళ్లు పడినా చక్కెర రేణువులు అతుక్కుని మొత్తం ముద్దకట్టేస్తుంది. అప్పుడు పారేయనక్కర్లేదు, వేడి పాలు పోసి కలిపితే కేక్ మీదికి సాస్ అవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు చెమ్మ పట్టి ఆరితే పైన తెల్లటి పొర వస్తుంది. బూజనుకుని భయపడతారు గానీ, అది పైకి తేలిన చక్కెరే.

రెండో అభ్యంతరం ఖర్చు. అసలు చాక్లెట్ ధర ఎక్కువే. 2024 డిసెంబరులో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను కోకో 12,000 డాలర్లు దాటింది, ఆ తర్వాత దిగింది. అయినా నేర్చుకోవడానికి కిలోలు కొననక్కర్లేదు, పావుకిలోతో చేయి తిరుగుతుంది. ఇక దొరకదనే మాట మనం అనకూడదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, అదీ కృష్ణా డెల్టా పక్కనే గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన. ఆ గింజలతో చాక్లెట్ చేసే హైదరాబాద్‌లోని ‘మనం చాక్లెట్’ సంస్థ, ‘టైమ్’ పత్రిక 2024లో ప్రకటించిన ప్రపంచ గొప్ప ప్రదేశాల జాబితాకెక్కింది.

అలాగని గింజ నుంచే మొదలుపెడతానని ఉత్సాహపడటం మంచిది కాదు. కోకో గింజలు అయిదారు రోజులు పులియాలి, అందుకు కుప్ప పెద్దగా ఉండి లోపల వేడి పుట్టాలి. నాలుగు కాయలతో అది జరగదు. పులియబెట్టి ఎండబెట్టిన గింజలు దొరికితే వేయించి, పొట్టు తీసి రుబ్బుకోవచ్చు. ప్రపంచంలో చిన్న చాక్లెట్ తయారీదారులు ఎందరో వాడే రాతి గ్రైండర్లు కోయంబత్తూరు వెట్ గ్రైండర్ వంశానివే. గంటల తరబడి తిరగాలి కాబట్టి ఇంట్లో దోసెల పిండి యంత్రానికి ఆ శిక్ష వేయకండి.

దిమ్మ కొనేముందు వెనకవైపు పదార్థాల జాబితా చదవండి. కోకో బటర్ ఉండి, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ లేనిదే తీసుకోండి. అచ్చుల కన్నా ముందు వంటింటి థర్మామీటర్ కొనండి.