మీకు తెలుసా? సుగాలి చెంపల వెండి

కళ్యాణదుర్గం ప్రాంతపు తండాల్లో పెద్ద వయసు సుగాలి ఆడవాళ్ల చెంపల పక్కన వేలాడే వెండి నగలను ఘుగ్రి, టోప్లి అంటారు. జుట్టు పాయలకు కట్టుకునే ఇవి పెళ్లయిన స్త్రీకి గుర్తు.

• హారాల్లో పాత రూపాయి నాణేలూ గుచ్చుతారు. 1940కి ముందటి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండే.

• ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశమంతా తిరిగిన ఈ జాతికి ఒంటిమీది వెండే ఆస్తి. కరువొస్తే కుదువపెట్టి గట్టెక్కే ఆసరా కూడా అదే.

• లావోస్, వియత్నాం కొండల్లోని హ్మాంగ్ వాళ్లకూ వెండి కంటెలే ఆస్తి. తాళం ఆకారపు పతకం ఆత్మను ఒంట్లో నిలిపి ఉంచుతుందని వాళ్ల నమ్మకం.

మీ ఇంట్లో అవ్వల నాటి వెండి నగలుంటే కరిగించకండి. అవి మీ వంశ చరిత్ర.