ఎముక మిగిలితే ఎసరు పెట్టండి

ఏనుగు చచ్చినా వెయ్యే, బ్రతికినా వెయ్యే అన్న సామెత మనకు కొత్త కాదు. ఆ సామెతను ఏనుగుకంటె బాగా నిలబెట్టే వస్తువొకటి అమెరికావారి వంటింట్లో ఉన్నది. దాని పేరు హామ్. పంది వెనుకతొడను ఉప్పులో ఊరవేసి, పొగపట్టించి నిలవచేస్తే అది హామ్ అవుతుంది. ఫ్రిజ్‌లు లేని రోజులలో అక్కడి రైతులు చలి మొదలయ్యే వేళకు పందిని కోసి, చలికాలమంతా తొడను ఉప్పులో మాగనిచ్చేవారు. ఈస్టరు పండుగనాటికి అది తినడానికి తయారయ్యేది. ఈస్టరు విందులో హామ్ ఉండటం అలా వచ్చిన ఆచారమే. క్రిస్మసుకు కూడా ఎన్నో ఇండ్లలో అదే ముఖ్యమైన వంటకం.

పూర్తి తొడ ఏడెనిమిది కిలోలదాకా తూగుతుంది. పండుగనాడు చుట్టాలంతా తిన్నా తరగదు. మరునాడు రొట్టెల మధ్య పెట్టుకుంటారు, ఆ మరునాడు గుడ్లతో వేయించుకుంటారు. అనంతకాలం అంటే ఏమిటయ్యా అని అడిగితే, ఇద్దరు మనుషులూ ఒక హామూ అని జవాబు చెప్పే హాస్యం ఒకటి వారిలో ఉన్నది. ఎట్టకేలకు మాంసమంతా అయిపోయి, అక్కడక్కడ కాస్త కండ అంటుకొని ఉన్న ఎముక మిగులుతుంది. తెలియనివారు దానిని చెత్తబుట్టలో వేస్తారు. తెలిసిన ఇల్లాలు రాత్రే గింజలు నానబోస్తుంది.

ఇంతదూరపు ఎముక సంగతి మనకెందుకు అని ఎవరైనా అనవచ్చు. అమెరికాలో కొడుకో కూతురో ఉన్న కుటుంబాలు ఇప్పుడు మనలో తక్కువేమీ కావు. ఆ పిల్లలలో తినేవారు ఉన్నారు, తిననివారూ ఉన్నారు. తినేవారికి ఈ వంట ఎలా చేయాలో తెలిస్తే మంచిది. తిననివారికి ఇందులోని కిటుకు తెలిస్తే చాలు. అదీగాక ఇందులో తప్పక తెలిసి ఉండవలసిన ప్రమాదం ఒకటి ఉన్నది. దానిని ముందు ముందు చెబుతాను.

మిగిలినదానితో మేలైన వంట చేయడం మనకు ఎవరో నేర్పవలసిన విద్య కాదు. ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి, గింజలు వాటికి పెట్టి, ఆ కట్టుతో చారు కాచుకున్న జాతి మనది. ఆ ఉలవచారు ఇప్పుడు పెళ్ళివిందులలో పెద్దపీట వేసుకొని కూర్చున్నది. కన్నడదేశంలో ఉన్న మనవారు పప్పూ ఆకుకూరా ఉడికించి, వార్చిన నీటితో బస్సారు చేసుకుంటారు. దక్కనులోని ముస్లిం వంటింట్లోనూ, తమిళనాట ముస్లింల పెళ్ళిళ్ళలోనూ ఎముకలతో శనగపప్పు కలిపి దాల్చా వండుతారు. హామ్ ఎముకతో చేసే చిక్కుడుగింజల సూపు వీటికి దూరపు చుట్టమే.

ఎముక సంగతి ఇంతవరకు. ఇక గింజల సంగతి. ఈ సూపులో వేసేవి మన చిక్కుళ్ళు కావు. మన చిక్కుడు, అనప, చలికాలం వస్తే బెంగుళూరు వీధులన్నిటా కనిపించే అవరె, తమిళులు మొచ్చై అనేది, ఇవన్నీ ఒక్క కుదురువి, పాతప్రపంచపు గింజలు. సూపులో వేసేది రాజ్మా కుటుంబానికి చెందిన చిన్న తెల్లగింజ. ఈ కుటుంబం పుట్టిల్లు అమెరికా ఖండాలే. మెక్సికోలోనూ, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలలోనూ అక్కడి ఆదివాసులు వేల ఏండ్లనాడే దీనిని సాగులోకి తెచ్చారు. మొక్కజొన్న కాడకు చిక్కుడు తీగ ప్రాకించి, మొదట గుమ్మడి పాదు పెట్టి, మూడింటినీ అక్కచెల్లెళ్ళని పిలిచే వాడుక ఉత్తర అమెరికా ఆదివాసులలో ఉన్నది. 1492లో కొలంబసు అక్కడికి చేరిన తరువాతనే ఈ గింజ సముద్రాలు దాటి ఐరోపాకూ, ఆ పిమ్మట మన దేశానికీ వచ్చింది. 19వ శతాబ్దంలో అమెరికా నౌకాదళంవారు నావికులకు ఇదే పెట్టేవారు. చవక, నిలవ ఉంటుంది, కడుపు నింపుతుంది. అందుచేత దీనికి నేవీ బీన్ అని పేరు వచ్చింది.

ఇంత పేదవంట ఎంత పెద్దచోట కూర్చున్నదో చూడండి. వాషింగ్టనులో అమెరికా శాసనసభలు కూడే కాపిటల్ భవనంలో, సెనేటువారి భోజనశాలలో ప్రతిదినమూ ఈ సూపు ఉండి తీరవలెనని ఒక ఆచారం ఉన్నది. 20వ శతాబ్దపు తొలి ఏండ్లలో అది మొదలైంది. మొదలుపెట్టినది ఎవరన్నదానిపై రెండు కథలున్నవి. మిన్నెసోటా రాష్ట్రపు సెనేటరు నూట్ నెల్సన్ అని ఒక కథ, ఐడహో రాష్ట్రపు సెనేటరు ఫ్రెడ్ డుబాయ్ అని మరొక కథ. ఐడహో బంగాళాదుంపలకు పెట్టింది పేరు. డుబాయ్ పేరుమీద చెప్పే పాకంలో మెదిపిన బంగాళాదుంప పడుతుంది. ఎవరి ఊరి సరుకు వారు మరచిపోరు గదా!

దిగువసభవారిదీ ఇదే కథ. 1904లో ఒక ఎండరోజున స్పీకరు జోసెఫ్ కానన్ భోజనానికి వెళ్ళి చూస్తే, ఎండ ఎక్కువగా ఉన్నదని వంటవారు ఆనాడు సూపు మానేశారట. ఆయనకు కోపం వచ్చి, ఎండైనా వానైనా, చలైనా వేడైనా ఇకమీదట ప్రతిదినమూ ఈ సూపు ఉండవలసిందేనని ఆజ్ఞాపించాడని చెబుతారు. ఆ ఆచారానికి భంగం వచ్చిన దినమొకటి సెనేటు చరిత్రలో ప్రత్యేకంగా మిగిలింది. అది 1943 సెప్టెంబరు 14. రెండవ ప్రపంచయుద్ధం నాటి రేషను వలన వంటశాలలో గింజలు చాలలేదు. ఒక్కరోజు సూపు లేకపోతే మరునాడు అది పత్రికలో వార్త అయింది!

సెనేటువారి పాకం చాలా సులభం. వలసిన సరుకులు ఇవి: ఎండు నేవీ బీన్స్ 900 గ్రాములు, వేడినీళ్ళు 3.8 లీటర్లు, పొగపట్టిన పంది మడమ ముక్కలు 680 గ్రాములు, ఉల్లిపాయ ఒకటి, వెన్న రెండు పెద్దచెంచాలు, ఉప్పు, మిరియాలపొడి. ఎనిమిదిమందికి సరిపోతుంది. గింజలు కడిగి, వేడినీళ్ళలో వేసి, మాంసపు ముక్కలు చేర్చి, మూతపెట్టి సుమారు మూడు గంటలు సన్నసెగమీద ఉడకనివ్వాలి. ముక్కలు బయటికి తీసి చల్లారనిచ్చి, కండ విడదీసి చిన్న చిన్న తునకలుగా కోసి మళ్ళీ కుండలో వేయాలి. ఉల్లిపాయను వెన్నలో దోరగా వేయించి కలపాలి. మరొక పొంగు రానిచ్చి, చివరకు ఉప్పు, మిరియం వేసి దింపాలి.

ఇంట్లో నలుగురికైతే ఇందులో సగం చాలు: గింజలు 450 గ్రాములు, నీళ్ళు రెండు లీటర్లు, మిగిలిన హామ్ ఎముక ఒకటి. గింజలను ముందు రాత్రి నానబోసి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీటితో పొయ్యిమీద పెడితే త్వరగా ఉడుకుతవి. ఒక క్యారెట్టు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక బిర్యానీ ఆకు వేస్తే రుచి పెరుగుతుంది. ఉడికిన గింజలు రెండు గరిటెలు తీసి మెదిపి తిరిగి కలిపితే సూపు చిక్కబడుతుంది. మనం పప్పును పప్పుగుత్తితో ఎనపడం వంటిదే ఇది.

ఈ వంటలో చేయి తిరగాలంటే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది ఉప్పు. ఎముకలోనే బోలెడు ఉప్పు ఉన్నది. అది ఉడుకుతున్నకొద్దీ నీటిలోకి దిగుతుంది. మొదటే ఉప్పు వేస్తే చివరకు నోట పెట్టుకోలేము. దింపబోయే ముందు చవి చూచి, కావలసివస్తేనే వేయాలి.

రెండవది పులుపు. టమాటా గాని, నిమ్మరసం గాని గింజ మెత్తబడిన తరువాతనే పడాలి. పులుపు తగిలితే గింజ తోలు బిగుసుకుంటుంది. కందిపప్పు ఉడికిన తరువాతనే చింతపండు పులుసు పోసే మన ఇల్లాండ్రకు ఇది చెప్పనక్కరలేదు. సున్నపు అంశం ఎక్కువ ఉన్న బోరునీటిలో పప్పు ఉడకదని కూడా మనకు తెలుసు. కారణం ఒకటే, నీటిలోని కాల్షియం గింజ గోడలను గట్టిపరుస్తుంది. అటువంటి నీరైతే చిటికెడు వంటసోడా వేస్తే గింజ లొంగుతుంది.

మూడవది సెగ. తెర్లే మంటకు కండ పీచుపీచు అవుతుంది. సన్నసెగమీద నెమ్మదిగా ఉడికితే ఎముకచుట్టూ ఉన్న నరాలు కరగి జిగురై సూపుకు చిక్కదనం ఇస్తవి. ఆ సూపు చల్లారితే పేరుకొని కదలకుండా ఉంటుంది. అది చెడిపోయిన గుర్తు కాదు, బాగా వచ్చిన గుర్తు.

ఇప్పుడు ఆ ప్రమాదం సంగతి. రాజ్మా జాతి గింజలలో ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఎర్ర రాజ్మాలో మరీ ఎక్కువ, తెల్లగింజలో దానికంటె తక్కువ. సరిగా ఉడకని ఎర్రగింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటలలోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటవి. గింజలను కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో అరగంటసేపు తెర్లకాగనిస్తే ఆ విషం నశిస్తుంది. మన ప్రెషర్ కుక్కరుతో చిక్కు లేదు. చిక్కంతా అమెరికాలో పిల్లలు ఎక్కువగా వాడే స్లో కుక్కరుతో. పొద్దున గింజలు వేసి పనికి వెళ్ళి సాయంత్రం వచ్చి తినవచ్చుననే ఆశతో దానిని కొంటారు. దానిలో వేడి చాలినంత పెరగకపోవచ్చు. అరకొర వేడికి ఆ విషం తగ్గకపోగా కొన్నిసార్లు హెచ్చుతుంది కూడా. కనుక ముందు పొయ్యిమీద అరగంట మరిగించి, ఆ తరువాతనే స్లో కుక్కరులో వేయమని పిల్లలకు తప్పక చెప్పండి.

నిలవ సంగతి కూడా ఒక మాట. విందు అయిన రెండు గంటలలోపల హామ్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు నాలుగు రోజులలో వాడుకోవాలి. అంతలో తీరిక లేకపోతే ఎముకను గట్టిగా చుట్టి ఫ్రీజరులో దాచుకోవాలి. ఒకటి రెండు నెలలు రుచి చెడదు. వండిన సూపైనా ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే. తిరిగి తినేటప్పుడు గోరువెచ్చన చేస్తే చాలదు, పొంగు రావలసిందే.

ఆరోగ్యం మాట దాచకూడదు. ఉప్పుతోను, నైట్రైటుతోను నిలవచేసిన మాంసం పెద్దప్రేగు క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే ఆ వ్యాధి వచ్చే అవకాశం 18 శాతం పెరుగుతుందని దాని లెక్క. రక్తపుపోటు ఉన్నవారికి అందులోని ఉప్పు మరొక చేటు. అందుకని హామ్‌ను పళ్ళెంనిండా వడ్డించుకోవడం నిత్యకృత్యం కారాదు. ఈ సూపు గొప్పతనం సరిగ్గా ఇక్కడే ఉన్నది. ఇందులో భోజనమంతా గింజలదే. మాంసకృత్తులూ, పీచూ, బలమూ వాటివి. ఎముక చేసేది మన వంటలో పోపు చేసే పని. ఆవాలూ ఇంగువా తిని ఎవరూ కడుపు నింపుకోరు. అవి లేకపోతే పప్పు పప్పుగా ఉండదు.

ఈ సూత్రం పట్టుబడితే పందిమాంసం ముట్టనివారు మేక ఎముకతో చేసుకోవచ్చు. శాకాహారులు ఎముక మాటే ఎత్తనక్కరలేదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్రగా వేయించి వేసి, సూపు దింపిన తరువాత దాని నడుమ చిన్న గిన్నె ఉంచి, అందులో నిప్పుకణిక వేసి, దానిపై నేతిచుక్క వేసి, అయిదు నిమిషాలు మూతపెడితే పొగవాసన గింజలకు పట్టుకుంటుంది. ఉత్తరదేశపు వంటవారు ఎంతోకాలంగా చేస్తున్న పని ఇది.

వంటింటి లక్ష్మి విందునాడు కనిపించదు. విందు మరునాడు కనిపిస్తుంది. పండుగనాడు అందరూ వండగలరు, డబ్బుంటే చాలు. మిగిలిన ఎముకను, పిడికెడు గింజలను చూచి మరొక పూటకు నలుగురి కడుపు నింపగలిగిన ఇల్లాలిదే ఆ ఇంటి నిలకడ. ఈసారి అమెరికానుంచి అమ్మాయి ఫోను చేసి, పండుగ అయిపోయింది, ఎముక మిగిలింది అంటే, పారవేయవద్దమ్మా, ముందు గింజలు నానబోసి, రేపు ఎసరు పెట్టు అని చెప్పండి.