కట్టు కట్టలేని గాయం

పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం పరిసరాల్లో పిల్లలకు పరుగు నేర్పవలసిన పని లేదు. సవర, జాతాపు గూడేల పిల్లలు కొండదారులు ఎక్కి దిగుతూనే పెరుగుతారు. వారిలో ఒకరికి బడి పోటీల్లో బహుమతి వస్తే ఊరంతా సంతోషిస్తుంది. జిల్లా జట్టు ఎంపికకు పిలుపు వస్తే ఇంటిల్లిపాదీ కలలు కంటారు. అదే బిడ్డ మోకాలు దెబ్బతిని ఇంటికి చేరితే కాలికి కట్టు కడతాం. మనసు ఎలా ఉందని మాత్రం అడగం. మన్యంలోనే కాదు, పట్టణాల్లోని మన ఇళ్లలోనూ జరిగేది ఇదే.

సానియా అనుభవం

హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు గాయంతో తొలి రౌండులోనే ఆట మధ్యలో వైదొలగవలసి వచ్చింది. అప్పటికి ఆమె వయస్సు 21 ఏళ్లు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యానని చాలా ఏళ్లకు ఆమె స్వయంగా వెల్లడించారు. తల దువ్వుకోవడానికి కూడా చేయి సహకరించలేదు. కారణం తెలియకుండానే ఏడుపు వచ్చేది. నెలకు పైగా భోజనానికి సైతం గది దాటి రాలేదు. ఇక జీవితంలో టెన్నిస్ ఆడలేనేమోనన్న భయం ఆమెను వెంటాడింది. ఆ దశ నుంచి బయటపడటానికి కుటుంబమే తోడ్పడిందని ఆమె చెప్పారు.

తర్వాతి చరిత్ర మనకు తెలిసినదే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఆమె రెండు పతకాలు సాధించారు. 2015లో మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా నిలిచారు. ఆ గదిలో కుమిలిపోతున్న అమ్మాయిని చూసి ‘ఇదంతా నటన’ అని ఎవరైనా తీసిపారేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

నిజామాబాదు బాక్సర్ నిఖత్ జరీన్ కూడా 2017లో భుజానికి గాయమై చాలాకాలం ఆటకు దూరమయ్యారు. 2022లో, 2023లో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఓడినప్పుడు కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. పిడికిలి ఎంత బలమైనదైనా మనసుకు నొప్పి తప్పదు.

మేలు చేసేదే భారమైతే

వ్యాయామం మనసుకు మేలు చేస్తుంది. నిద్ర పట్టేలా చేస్తుంది, ఆందోళన తగ్గిస్తుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఇంటి ఆడపిల్లలకూ, తల్లులకూ ఇది వర్తిస్తుంది.

అయితే ఆటే సర్వస్వంగా మారినప్పుడు ఒక చిక్కు వస్తుంది. గాయపడిన క్రీడాకారుడు ఆటతో పాటు దినచర్యను, తోటివారిని, తనకున్న గుర్తింపును కూడా ఒకేసారి కోల్పోతాడు. ‘ఆడలేకపోతే నేనెవరిని?’ అన్న ప్రశ్న అప్పుడే తలెత్తుతుంది. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలోనే తప్పుకొన్నారు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచారు. అవసరమైనప్పుడు ఆగడం ఓటమి కాదని ఆమె నిరూపించారు.

ఇంటి పెద్దల బాధ్యత

బిడ్డ మైదానం నుంచి రాగానే ‘గెలిచావా?’ అని కాక ‘ఎలా ఉన్నావు?’ అని అడుగుదాం. ఓడిన రోజున కూడా భోజనం దగ్గర అదే ఆదరణ చూపుదాం. ఇతరుల పిల్లలతో పోల్చవద్దు. నిద్ర, ఆకలి తగ్గడం, ఒంటరిగా ఉండిపోవడం, ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం రెండు వారాలకు మించితే వైద్యుణ్ణి సంప్రదించాలి. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

‘నమాజు చేస్తే అదే పోతుంది, డాక్టరెందుకు?’ అనేవారు మనలో ఉన్నారు. ప్రార్థన మనసుకు ఊరటనిస్తుంది, సందేహం లేదు. కానీ జబ్బుకు వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఉపదేశించారు. విరిగిన ఎముకకు వర్తించే ఆ ఉపదేశం నలిగిన మనసుకు వర్తించదా?

మానసిక వైద్యుడు దగ్గరలో లేని కొండ ఊళ్లకు ఫోనే ఆసరా. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ‘టెలీ మానస్’ నంబరు 14416. ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఈ నంబరును పిల్లల వసతిగృహం గోడ మీదా, మన ఇంటి క్యాలెండరు మీదా రాసి ఉంచుదాం.

కురుపాం కొండదారిలో పరుగెత్తే బిడ్డయినా, మన వీధిలో బంతి ఆడే బిడ్డయినా ఒకనాడు పడిపోవచ్చు. ఆ రోజున కట్టు కట్టే చేతితో పాటు, పక్కన కూర్చుని ఓపికగా వినే మనిషి కూడా ఆ ఇంట్లో ఉండాలి.