సలహా వెల

పల్లెటూళ్లలో సలహాకు కొరత లేదు. చేనిలో తెగులు కనబడినను, ఇంట పెండ్లి తలపెట్టినను అడుగకుండగనే చెప్పువారు పదిమంది వత్తురు. ఆ సలహాకు వెల లేదు గనుక, అది తప్పినను నిలదీయువారుండరు. కాని సలహా చెప్పుటయే వృత్తిగా గలవారు, దానికై లక్షల, కోట్ల రూపాయలు పుచ్చుకొనువారు నేటి ప్రపంచమున కలరు. వారే మేనేజిమెంటు కన్సల్టెంట్లు. తెలుగున నిర్వహణ సలహాదారులనవచ్చును. వ్యాపార విద్యాలయమున పట్టము పుచ్చుకొనిన వెంటనే ఈ వృత్తిలో ప్రవేశింపగోరు యువతీయువకులు పెక్కుమంది. ఇరువదియైదేండ్ల యువకుడు ఏబదియేండ్లుగా వ్యాపారము చేయువానికి ఏమి చెప్పగలడు? ఈ ప్రశ్న విద్యార్థులను, ఉపాధ్యాయులను, బిడ్డ చదువునకు అప్పుచేసిన తల్లిదండ్రులను గూడ ఆలోచింపజేయదగినది.

ఈ వృత్తి మిక్కిలి పాతది కాదు. షికాగో విశ్వవిద్యాలయమున అకౌంటింగు బోధించిన జేమ్స్ మెకిన్సీ 1926లో తన పేర ఒక సంస్థను నెలకొల్పెను. జమాఖర్చుల పుస్తకము గడచిన యేటి కథ చెప్పుటకే గాక, రాబోవు యేటి నిర్ణయములకు గూడ పనికివచ్చునని ఆయన బోధ. 1937లో ఆయన మరణించిన పిమ్మట ఆ సంస్థను తీర్చిదిద్దిన మార్విన్ బోవర్ హార్వర్డున న్యాయశాస్త్రమును, వ్యాపారశాస్త్రమును చదివినవాడు. న్యాయవాదికి వలెనే సలహాదారునకు గూడ ధర్మము కలదని ఆయన పట్టు. తన లాభముకంటె తన్ను పిలిచినవాని మేలు ముందు చూడవలెను. చేదైనను నిజమే చెప్పవలెను. అక్కరలేని పనిని ఒప్పుకొనరాదు. తలనెరసిన అనుభవజ్ఞులకు బదులు వ్యాపార విద్యాలయములనుండి వెలువడిన యువకులను చేర్చుకొను పద్ధతి 1950 తరువాతి సంవత్సరములలో అచ్చట బలపడెను.

తెలుగు దేశమునకు ఇట్టి సలహాదారు కొత్తవాడు కాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరమున వేలమందిని బలిగొనెను. మరల అట్టి ఉపద్రవము రాకుండ ఏమి చేయవలెనో చెప్పుమని నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించెను. 1909లో హైదరాబాదు చేరిన ఆ ఇంజనీరు మొదట పూనుకొనిన పని ఉపాయము చెప్పుట కాదు, వానను వరదను లెక్కించుట. ఎగువ ప్రదేశమున ఎంత వాన కురిసినదో, నదిలోనికి ఎంత నీరు వచ్చినదో లెక్కకట్టిన పిమ్మటనే నగరమునకు ఎగువన జలాశయములు కట్టవలెనని చెప్పెను. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియయ్యెను. విశ్వేశ్వరయ్య వ్యాపార విద్యాలయమున చదివినవాడు కాడు. అప్పటికే పాతికేండ్ల అనుభవము గలవాడు. అంతటి అనుభవజ్ఞుడే కొలిచి చెప్పగా, అనుభవము లేనివాడు కొలువక చెప్పుట తగునా?

ఈ కొలుచు విద్యను నేర్పు విద్యాలయములు మన దేశమున క్రమముగా పెరిగినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎం.బి.ఏ. తరగతిని ప్రారంభించెను. 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరములలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటులు వెలసెను. హైదరాబాదున ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లోను, విశాఖపట్టణమున ఐ.ఐ.ఎం. 2015లోను ఆరంభమయ్యెను. పేరుగల విద్యాలయములకు సలహా సంస్థలవారు వచ్చి విద్యార్థులను ఎన్నుకొను తీరు చూడదగినది. మార్కులు చూచిన తరువాత ఒక చిక్కు సమస్యను ముందుంచి, అరగంటలో దారి చూపుమందురు. దీనికి ‘కేసు’ అని పేరు. కేసు పెద్ద కంపెనీదే కానక్కరలేదు. నూజివీడు మామిడి సీమను ఆనుకొనియున్న ఏలూరు జిల్లా చింతలపూడిలోని ఒక తోటను తీసికొందము.

ఒక రైతుకు ఐదెకరముల బంగినపల్లి తోట కలదనుకొందము. ఎకరమునకు 40 చొప్పున 200 చెట్లు. చెట్టునకు 100 కిలోల కాపు వచ్చినచో 20 టన్నులు. అతని ఆదాయము మూడేండ్లుగా తగ్గుచున్నది, ఏమి చేయవలెను? తొందరపాటు గల విద్యార్థి వెంటనే రసము తీయు ఫ్యాక్టరీ పెట్టుమనును. నిదానించువాడు ఆదాయమును విడదీయును. చెట్లెన్ని కాచినవి? చెట్టునకు కాపెంత? కిలో ధర యెంత? మందులకు, కూలికి ఖర్చెంత? మామిడి ఒక యేడు విరగగాచి మరుసటి యేడు వెనుదీయు చెట్టు గనుక, మూడేండ్ల లెక్క చాలునా? శీతకాలమున పూత కనబడినపుడే, చేత సొమ్ములేక, రైతు కాపును గుత్తకిచ్చెనా? ఇచ్చియున్నచో వేసవిలో నున్న మార్కెట్టున ధర పెరిగినను ఆ లాభము గుత్తదారునిదే. గాలివానకు కాయ రాలినచో ఆ నష్టము కూడ అతనిదే. అట్టి రైతుకు కావలసినది ఫ్యాక్టరీయా, సంక్రాంతినాటికి సరసమైన వడ్డీకి దొరకు అప్పా? పరీక్షకులు జవాబుకంటె ఈ ప్రశ్నల వరుసను చూచియే విద్యార్థి శక్తిని నిర్ణయింతురు.

ఉద్యోగము దొరికినంతనే సలహా చెప్పు పీఠము దొరకదు. తొలి సంవత్సరములలో పని యంతయు అడుగుటలోను, కూడబెట్టుటలోను గడచును. గుమాస్తాలను, మేస్త్రీలను, కొనుగోలుదారులను కలిసి విషయములు రాబట్టవలెను. కంప్యూటరుపై పట్టికలు కూర్చవలెను. నూరు పుటల విషయమును పది స్లైడ్లకు కుదింపవలెను. వారము మొదట ఊరు విడిచి, వారాంతమున ఇల్లు చేరుట సామాన్యము. పై మెట్టు ఎక్కలేనివాడు కొంత గడువులో వైదొలగవలెనను నియమము కూడ అనేక సంస్థలలో కలదు. జీతము పెద్దదే, చదువునకై బ్యాంకున తెచ్చిన అప్పు వాయిదా కూడ పెద్దదే. ప్రమాదము దాగియున్నది ఇచ్చటనే. అక్కరకొలది పూతలోనే కాపును అమ్ముకొనిన రైతువలె, వాయిదాలకు వెరచిన యువకుడు తన అభిప్రాయమును ముందుగనే అమ్ముకొనవచ్చును. పై అధికారికి నచ్చని అంకెను పట్టికనుండి తొలగింపుమన్ననాడు బోవర్ చెప్పిన ధర్మము పరీక్షకు వచ్చును.

సలహా తప్పినచో నష్టపడునది ఎవరు? 1999లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మెకిన్సీ సంస్థ తోడ్పాటుతో ‘విజన్ 2020’ అను పత్రమును వెలువరించెను. ఇరువదియేండ్లకు రాష్ట్రము ఎట్లుండవలెనో అందు చిత్రించిరి. సేద్యముపై ఆధారపడు జనుల పాలు తగ్గవలెననునది అందలి భావములలో ఒకటి. 2001 జూనులో మెదకు జిల్లాలో ‘ప్రజాతీర్పు’ అను సభ జరిగెను. చిన్నరైతులు, అందు అధికముగా స్త్రీలు, న్యాయనిర్ణేతలై కూర్చుండి, ఆ పత్రమును గూర్చియు, వ్యవసాయమునకు గల ఇతర మార్గములను గూర్చియు సాక్షులను కొన్ని దినములు ప్రశ్నించిరి. సేద్యమునుండి మనుష్యులను తప్పించుటకు వారు సమ్మతింపలేదు. ఆ సభ నడచిన తీరును ఆక్షేపించినవారును కలరు. పత్రమును సమర్థించినవారును కలరు. ఎవరి వాదము మెచ్చదగినదైనను ఒక ప్రశ్న మిగిలినది. పొలమున పనిచేయువారిని పత్రము వ్రాయకముందు అడుగవలెనా, వ్రాసిన తరువాతనా?

కావున ఈ వృత్తికి సాధన వ్యాపార విద్యాలయమున మొదలగునని తలపరాదు. నిష్పత్తి, శాతము నేర్పు లెక్కల మాష్టారు విద్యార్థులచేత ఊరి తోట లెక్క వేయింపవచ్చును. నాలుగు పుటల సంగతిని నాలుగు వాక్యములలో చెప్పుట భాషాపండితుడు నేర్పవచ్చును. రైతుతోను, గుత్తదారుతోను, కాయ కోయు కూలీతోను ఎవరి మాటలో వారితో మాటాడి, విని, విన్నదానిని మార్చక వ్రాయు నేర్పు పల్లె విద్యార్థికి పుట్టినింటి సొత్తు. దానిని ఎంత ఫీజుకును ఏ విద్యాలయమును అమ్మజాలదు. పట్టణమునకు పోయి దానిని మరచినవాడు పట్టికలు మాత్రమే మిగిలిన సలహాదారుడగును.

వెలగట్టి సలహా చెప్పువాడు ఆ వెల చెల్లించువారెవరో ఎరిగియుండవలెను. సంస్థ ఇచ్చు రుసుము అందు ఒక భాగము మాత్రమే. మిగిలినది, ఆ సలహా చొప్పున నడచుకొనవలసినవారు తమ బ్రతుకులలో చెల్లింతురు.