యూరోపియన్ ఉన్నత విద్యలో లింగసమానత్వం: పరిశోధన విధానాల పరిణామం

వ్యాససంగ్రహం:

యూరోపియన్ యూనియన్ దేశాలలో పిహెచ్.డి. పట్టాలు పొందుతున్నవారిలో దాదాపు సగం మంది స్త్రీలే. అత్యున్నత ఆచార్య పదవులలో మాత్రం 2018లో వారి వాటా నాలుగో వంతును కొద్దిగా మించింది. ఈ అంతరాన్ని తగ్గించడానికి గత పాతికేళ్లలో యూరప్‌లో రూపొందిన పరిశోధన విధానాల పరిణామాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. స్వీడన్‌లో జరిగిన మూల్యాంకన అధ్యయనం, ఐర్లాండ్ విశ్వవిద్యాలయాల అనుభవం, హొరైజన్ యూరప్ పథకంలోని లింగసమానత్వ ప్రణాళిక నిబంధన ప్రధానాధారాలు. స్త్రీలకు వ్యక్తిగతంగా సాయం అందించే దశ నుండి సంస్థల పనితీరును మార్చే దశకు విధానం ఎలా చేరుకుందో, ఆ మార్పు ఎక్కడ పరిమితమవుతోందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: లింగసమానత్వం, ఉన్నత విద్య, పరిశోధన విధానం, మూల్యాంకనం, హొరైజన్ యూరప్, అథీనా స్వాన్.

1. ఉపోద్ఘాతం:

విశ్వవిద్యాలయ నియామకాల విషయంలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ప్రతిభకు లింగభేదం లేదు". ఈ మాట సూత్రంగా సరైనదే. అయితే ప్రతిభ తనను తాను ప్రకటించుకోదు. దానిని ఎవరో చదవాలి, తూచాలి, మార్కులు వేయాలి. ఆ తూచే పద్ధతిలోనే పక్షపాతం ఉంటే ప్రతిభ పేరుతో వెలువడిన నిర్ణయం కూడా పక్షపాతమే అవుతుంది. యూరప్‌లో ఉన్నత విద్యకు సంబంధించిన లింగసమానత్వ చర్చకు ఈ ప్రశ్నే మూలం.

సమాన పనికి సమాన వేతనం అనే సూత్రం 1957 నాటి రోమ్ ఒప్పందంలోని 119వ అధికరణంలోనే ఉంది. విశ్వవిద్యాలయాలకూ పరిశోధన సంస్థలకూ ప్రత్యేకించిన విధానం రూపుదిద్దుకోవడానికి మాత్రం మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. స్త్రీలు చదువుకుంటే, పరిశోధనలోకి వస్తే, కాలక్రమంలో పై స్థానాలు వాటంతట అవే నిండుతాయన్న నమ్మకం ఈ ఆలస్యానికి ఒక కారణం. ఆ నమ్మకం ఎందుకు నిలబడలేదో మొదట చూడాలి.

2. స్వీడన్ అధ్యయనం - తక్కెడను తూచిన ప్రయత్నం:

స్త్రీపురుష సమానత్వంలో స్వీడన్‌కు అగ్రగామిగా పేరుంది. ఆ దేశంలోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రిస్టీన్ వెన్నెరాస్, ఆగ్నెస్ వోల్డ్ 1997లో 'నేచర్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. స్వీడిష్ వైద్య పరిశోధన మండలి 1995లో ఇచ్చిన పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లు ఇందులోని అంశం. 62 మంది పురుషులు, 52 మంది స్త్రీలు దరఖాస్తు చేసుకున్నారు. ఎంపికైన 20 మందిలో పురుషులు 16 మంది, స్త్రీలు నలుగురు.

సమీక్షకులు వేసిన మార్కులను మండలి మొదట బయటపెట్టలేదు. ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును పౌరులకు కల్పించే స్వీడన్ చట్టం ఆధారంగా న్యాయస్థానం దాకా వెళ్లిన తరువాతే అవి పరిశోధకులకు అందాయి. ప్రతి అభ్యర్థి ప్రచురణలనూ, సమీక్షకులు ఆ అభ్యర్థికి ఇచ్చిన మార్కులనూ వారు పక్కపక్కన ఉంచి పోల్చారు. పురుషుడితో సమానంగా మార్కులు పొందాలంటే స్త్రీ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ ప్రచురణ ఫలితాన్ని చూపవలసి ఉందని తేలింది. అత్యధిక ప్రచురణలున్న స్త్రీల వర్గానికి దక్కిన మార్కులు, అత్యల్ప ప్రచురణలున్న పురుషుల వర్గానికి దక్కిన మార్కులతో మాత్రమే సరితూగాయి. సమీక్షక సంఘంలోని సభ్యులతో పరిచయ సంబంధం ఉన్న అభ్యర్థులకు అదనపు లాభం కలిగిందన్నది రెండవ ఫలితం. సంబంధమున్న సభ్యుడు ఆ దరఖాస్తుకు మార్కులు వేయకుండా పక్కకు తప్పుకున్నా ఆ లాభం తగ్గలేదు.

తరువాతి కాలంలో స్వీడన్‌లోనే ఉల్ఫ్ సాండ్‌స్ట్రోమ్, మార్టిన్ హెల్‌స్టెన్ ఈ పరిశీలనను మళ్లీ చేపట్టి 2008లో ఫలితాలు ప్రచురించారు. స్త్రీల పట్ల వెనుకటి వివక్ష వారికి కనిపించలేదు. పరిచయాల ప్రభావం మాత్రం కొనసాగుతూనే ఉంది. ఈ రెండు అధ్యయనాలనూ కలిపి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. బహిరంగ పరిశీలనకు లోనైన మూల్యాంకన పద్ధతి మారగలదు. అయితే ఒక పక్షపాతం తొలగినంత మాత్రాన మిగిలినవి కూడా తొలగిపోవు.

3. గణాంకాల నుండి విధానానికి:

1999లో యూరోపియన్ కమిషన్ 'స్త్రీలు - విజ్ఞానశాస్త్రం' అనే అంశంపై ప్రత్యేక ప్రకటన వెలువరించింది. అదే సంవత్సరం సభ్యదేశాల ప్రతినిధులతో హెల్సింకీ బృందం ఏర్పడింది. 2000లో నిపుణుల బృందం ఒకటి సమర్పించిన నివేదిక, లింగసమానత్వాన్ని సంక్షేమ కార్యక్రమంగా కాక పరిశోధన నాణ్యతకు చెందిన అంశంగా నిరూపించడానికి ప్రయత్నించింది. సగం మంది ప్రతిభావంతులను వదులుకునే వ్యవస్థ ఉత్తమమైనదని చెప్పుకోజాలదన్నది దాని వాదసారం.

2003 నుండి 'షీ ఫిగర్స్' పేరుతో దాదాపు మూడేళ్లకొకసారి గణాంక సంపుటాలు వెలువడుతున్నాయి. 2021 సంపుటం ప్రకారం, 2018లో యూరోపియన్ యూనియన్‌లో పిహెచ్.డి. పట్టాలు పొందినవారిలో స్త్రీలు సుమారు 48 శాతం. పరిశోధకులలో వారు సుమారు 33 శాతం, అత్యున్నత ఆచార్య శ్రేణిలో సుమారు 26 శాతం. 2019లో ఉన్నత విద్యాసంస్థల అధిపతులలో వారి వాటా 24 శాతానికి లోపే ఉంది. మెట్టు మెట్టుకూ సంఖ్య తరిగిపోతున్నదన్నమాట. ప్రవేశద్వారం తెరిస్తే చాలునన్న పాత నమ్మకాన్ని ఈ గణాంకాలు పూర్వపక్షం చేశాయి.

2012లో యూరోపియన్ పరిశోధన క్షేత్రం ప్రాధాన్యాలలో లింగసమానత్వం చేరింది. 2014 - 2020 మధ్య అమలైన హొరైజన్ 2020 పథకం మూడు లక్ష్యాలను నిర్దేశించుకుంది. పరిశోధక బృందాలలో సమతుల్యం మొదటిది. నిర్ణయాధికార స్థానాలలో సమతుల్యం రెండవది. పరిశోధనాంశంలో జెండర్ కోణం మూడవది.

4. నిధులకు షరతుగా సమానత్వ ప్రణాళిక:

2021 - 2027 కాలానికి సుమారు 9,550 కోట్ల యూరోల కేటాయింపుతో వచ్చిన హొరైజన్ యూరప్ పథకంలో విధానం మరో మలుపు తిరిగింది. దరఖాస్తు గడువు 2022లో గాని ఆ తరువాత గాని ఉన్న ప్రకటనలకు సంబంధించి, నిధులు కోరే విశ్వవిద్యాలయాలకూ పరిశోధన సంస్థలకూ ప్రభుత్వ సంస్థలకూ లింగసమానత్వ ప్రణాళిక ఉండటం తప్పనిసరి అర్హత. ఆ ప్రణాళికకు నాలుగు అనివార్య లక్షణాలున్నాయి:

• సంస్థ అధిపతుల సంతకంతో బహిరంగంగా ప్రచురించిన పత్రమై ఉండాలి.
• అమలుకు ప్రత్యేకంగా సిబ్బందిని, వనరులను కేటాయించాలి.
• స్త్రీపురుషుల వివరాలను వేర్వేరుగా సేకరించి, ఏటా నివేదించాలి.
• సిబ్బందికీ నిర్ణయాధికారులకూ శిక్షణ ఇవ్వాలి.

వీటికి తోడు ఉద్యోగ - కుటుంబ జీవిత సమతుల్యం, నాయకత్వం, నియామకాలు - పదోన్నతులు, బోధన - పరిశోధనలలో జెండర్ కోణం, లైంగిక వేధింపుల నివారణ అనే ఐదు అంశాలను ప్రణాళికలో చేర్చాలని కమిషన్ సూచించింది. ఈ నిబంధన ప్రత్యేకత దాని సంబోధనలోనే ఉంది. 'నీవు ఇంకా కష్టపడు' అని స్త్రీకి చెప్పడం లేదు. 'నీ లెక్కలు చూపించు' అని సంస్థను అడుగుతోంది.

జెండర్ కోణం అనే అంశానికి భాషా పరిశోధకులకు దగ్గరైన ఉదాహరణ యంత్రానువాదం. శిక్షణకు ఇచ్చిన పాఠాలలో పురుష ప్రయోగాలే ఎక్కువగా ఉంటే యంత్రం కర్తను పురుషుడిగానే భావిస్తుంది. ఇంగ్లీషులో 'డాక్టర్ వచ్చిన' సంగతి చెప్పే వాక్యంలో క్రియకు లింగభేదం లేదు. తెలుగులోకి వచ్చేసరికి 'వచ్చాడు', 'వచ్చింది', 'వచ్చారు' అనే మూడింటిలో ఒకదానిని ఎంచుకోక తప్పదు. ఆ ఎంపికను ఏ ఆధారంతో చేయాలన్నది పరిశోధన ప్రశ్న. పరిశోధక బృందంలో ఎందరు స్త్రీలున్నారన్న లెక్కతో మాత్రమే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

5. ఐర్లాండ్ అనుభవం:

షరతులు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి ఐర్లాండ్ మంచి నిదర్శనం. గాల్వే విశ్వవిద్యాలయంలో 2008 - 09లో సీనియర్ లెక్చరర్ పదోన్నతులకు 32 మంది పురుషులు, 15 మంది స్త్రీలు దరఖాస్తు చేసుకున్నారు. పురుషులలో 16 మందికి పదోన్నతి దక్కింది, స్త్రీలలో ఒక్కరికే దక్కింది. దీనిపై వృక్షశాస్త్ర అధ్యాపకురాలు మిషెలీన్ షీహీ స్కెఫింగ్టన్ సమానత్వ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. ఐర్లాండ్‌లో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన హన్నా షీహీ స్కెఫింగ్టన్‌కు ఆమె మనుమరాలు. 2014లో ట్రిబ్యునల్ ఆమె పట్ల వివక్ష జరిగిందని నిర్ధారించి, పదోన్నతితో పాటు 70,000 యూరోల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఆ సొమ్మును ఆమె తనలాగే పదోన్నతి దక్కని మరో ఐదుగురు స్త్రీల న్యాయపోరాటానికి ఇచ్చారు.

ఈ తీర్పు అనంతర పరిణామాలలో భాగంగా ఐర్లాండ్ ఉన్నత విద్యామండలి 2016లో జాతీయ సమీక్ష నివేదిక ప్రకటించింది. 1592లో ట్రినిటీ కళాశాల స్థాపన మొదలు అప్పటివరకు ఏ ఐరిష్ విశ్వవిద్యాలయానికీ స్త్రీ అధిపతి లేరు. విద్యాసంస్థలు అథీనా స్వాన్ గుర్తింపు పొందాలనీ, పరిశోధన నిధులను దానితో ముడిపెట్టాలనీ నివేదిక సిఫారసు చేసింది. అథీనా స్వాన్ 2005లో బ్రిటన్‌లో మొదలైన గుర్తింపు పథకం. సంస్థలు తమ లోపాలను తామే పరిశీలించుకొని, దిద్దుబాటు కార్యాచరణ ప్రకటిస్తే కాంస్య, రజత, స్వర్ణ స్థాయిలలో గుర్తింపు ఇస్తుంది. 2019లో ఐర్లాండ్ ప్రభుత్వం స్త్రీల ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న విభాగాలలో 45 ఉన్నత స్థాయి ఆచార్య పదవులను సృష్టించే పథకం ప్రకటించింది. 2021లో లిండా డోయల్ ట్రినిటీ కళాశాలకు తొలి స్త్రీ అధిపతి అయ్యారు.

6. పరిమితులు - విమర్శలు:

మొదటి పరిమితి న్యాయపరమైనది. 1995లో స్వీడన్ విద్యామంత్రి కార్ల్ థామ్ చొరవతో, ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న లింగానికి చెందిన అభ్యర్థికి అర్హత కొంత తక్కువైనా ప్రాధాన్యమిచ్చే ఆచార్య పదవులు ఏర్పడ్డాయి. 2000లో యూరోపియన్ న్యాయస్థానం అబ్రహామ్‌సన్ కేసులో ఈ పద్ధతిని తోసిపుచ్చింది. అర్హతలు సమానంగా ఉన్నప్పుడు ప్రాధాన్యం ఇవ్వవచ్చు, కాని యాంత్రికంగా ఇవ్వరాదన్నది యూరోపియన్ న్యాయశాస్త్రంలో స్థిరపడిన సూత్రం. నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2019లో ఖాళీలను మొదటి ఆరు నెలలు స్త్రీలకే కేటాయించింది. లక్ష్యం సమంజసమే అయినా పద్ధతి మితిమీరిందని 2020లో ఆ దేశ మానవహక్కుల సంస్థ అభిప్రాయపడటంతో పథకాన్ని సవరించవలసి వచ్చింది.

రెండవది పాలనాపరమైనది. ప్రణాళిక అర్హత పత్రంగా మారినప్పుడు, దానిని రాయడమే లక్ష్యమైపోయే ప్రమాదం ఉంది. హొరైజన్ యూరప్‌లో దరఖాస్తు దశలో సంస్థ స్వీయప్రకటన చాలు. పైగా దత్తాంశాలు సేకరించి పత్రాలు సిద్ధం చేసే భారం తరచుగా స్త్రీ అధ్యాపకుల మీదే పడుతోందన్న విమర్శ అథీనా స్వాన్‌పై బలంగా ఉంది. బ్రిటన్ ఆరోగ్య పరిశోధన సంస్థ 2011లో పెట్టిన రజత గుర్తింపు షరతును, పాలనాభారం తగ్గింపులో భాగంగా 2020లో ఉపసంహరించుకుంది.

మూడవది రాజకీయపరమైనది. 2018లో హంగేరీ ప్రభుత్వం జెండర్ అధ్యయనాల స్నాతకోత్తర కోర్సులకు గుర్తింపు రద్దు చేసింది. విధానం ఎంత బలంగా ఉన్నా, సభ్యదేశ ప్రభుత్వం విముఖంగా ఉంటే బోధన స్థాయిలో దాని ప్రభావం క్షీణిస్తుందని ఈ ఘటన తెలుపుతోంది.

7. భారతీయ సందర్భం:

ఈ చర్చకు మన దేశంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. భారత శాస్త్ర సాంకేతిక విభాగం 2020లో ప్రారంభించిన 'గతి' కార్యక్రమానికి అథీనా స్వాన్ నమూనా ఆధారం. మరోవైపు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నాటి పిహెచ్.డి. నిబంధనలు స్త్రీలకు గడువులో రెండేళ్ల అదనపు సడలింపునూ, 240 రోజుల వరకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవునూ కల్పిస్తున్నాయి. ఇవి ఎంతో అవసరమైన వెసులుబాట్లు. అయితే ఇవి పరిశోధకురాలికి సమయాన్ని ఇస్తాయి, ఆమె పనిని తూచే పద్ధతిని మార్చవు. మౌఖిక పరీక్షలో, నియామక సంఘంలో, పదోన్నతి లెక్కలో ఏ ప్రమాణం ఎలా వర్తించిందో బహిరంగపరిచే బాధ్యత సంస్థదే. యూరప్ అనుభవం నుండి మనం ప్రధానంగా పరిశీలించవలసిన అంశం ఇదే.

8. ముగింపు:

• పిహెచ్.డి. స్థాయిలో సమానత్వం వచ్చినంత మాత్రాన ఉన్నత పదవులలో సమానత్వం దానంతట అది రాదని యూరోపియన్ గణాంకాలు స్పష్టం చేస్తున్నాయి.
• స్వీడన్‌లోనూ ఐర్లాండ్‌లోనూ చర్చకు బలం చేకూర్చింది ఎంపిక వివరాలు బయటకు రావడమే. రహస్యంగా ఉన్న మూల్యాంకనాన్ని ప్రశ్నించడం సాధ్యం కాదు.
• నిధులకు షరతు పెట్టడం సంస్థలను కదిలించింది. అయితే ఆ షరతు పత్రరచనకే పరిమితమైతే ఫలితం ఉండదు.
• ప్రతిభ ప్రమాణాన్ని సడలించడం యూరోపియన్ విధాన సారం కాదు. ఆ ప్రమాణాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేస్తున్నామని నిరూపించే బాధ్యతను అభ్యర్థి నుండి సంస్థకు మార్చడమే దాని సారం.